దోనిజెత్తి పాషా: నేర్పడానికి ముందు నేర్చుకున్న గురువు

సంగీతానికి సరిహద్దులు లేవని సభలలోను, సన్మానపత్రాలలోను తరచు వింటూ ఉంటాము. వినడానికి ఇంపైన మాటే. కాని చరిత్రను నిదానించి చూచినవారికి సంగీతానికి కూడ సరిహద్దులు ఉన్నవనీ, అవి ఒక్కొక్కప్పుడు రాజ్యాల సరిహద్దులకన్న దుర్గమమైనవనీ తెలియకపోదు. ఒక జాతి చెవికి అమృతమైన స్వరం మరొక జాతి చెవికి వట్టి రొద కావచ్చును. ఒకరి స్వరలిపి మరొకరికి పిచ్చిగీతలుగా కనిపించవచ్చును. ఆ ఎల్లలు వాటంతట అవి చెరిగిపోవు. ఎవరో ఒక మనిషి ఇల్లు విడిచి, భాష విడిచి, అవతలి గట్టుకు నడచిపోవాలి. అట్లా నడచిపోయిన ఒక సంగీతకారుని జీవితాన్ని ఈ సంచిక పాఠకుల ముందుంచి, ఆయనను గురించి లోకం ఇచ్చిన తీర్పులతో మేము ఎందుకు ఏకీభవించలేమో విన్నవించుకోదలచాము.

ఆయన పేరు జుసెప్పె దోనిజెత్తి. సంగీతాభిమానులు దోనిజెత్తి అనగానే గయెతానోను తలచుకుంటారు. ఇటలీ ఒపెరాకు పందొమ్మిదవ శతాబ్దంలో గొప్ప కీర్తి తెచ్చిన గయెతానో దోనిజెత్తికి జుసెప్పె అన్నగారు. అన్న 1788లో, తమ్ముడు 1797లో, ఉత్తర ఇటలీలోని బెర్గామో పట్టణంలో జన్మించారు. నిరుపేద కుటుంబం. కొండ వాలున, మెట్లు దిగి వెళ్ళవలసిన చీకటి గదులలో కాపురం. సంగీత విద్య అటువంటి ఇండ్లకు వచ్చే చుట్టం కాదు. అయినా ఆ ఊరిలో సిమోన్ మయర్ అనే ఉదార హృదయుడైన సంగీతాచార్యుడు పేదపిల్లలకోసం ఉచిత పాఠశాలను నెలకొల్పాడు. 1806లో తమ్మునికి అందులో స్థానం దొరికింది. అన్నకు దొరకలేదు. కారణం ప్రతిభ లేకపోవడం కాదు, వయసు మీరిపోవడం. పదిహేడేండ్లు దాటిన బాలునికి ఆ తలుపు తెరచుకోలేదు. మయర్ దయతలచి విడిగా కొన్ని పాఠాలు చెప్పాడు. అంతటితో సరి.

ఒకే తల్లి బిడ్డలలో ఒకరికి పాఠశాల, మరొకరికి సైన్యం. జుసెప్పె 1808 ప్రాంతంలో నెపోలియన్ సేనలో వేణువు వాయించే సైనికుడుగా చేరాడు. ఆస్ట్రియా మీది దండయాత్రను చూచాడు, స్పెయిన్ యుద్ధభూమిని చూచాడు. చక్రవర్తి ఎల్బా ద్వీపానికి ప్రవాసం పోయినప్పుడు అక్కడి దండులోనూ ఉన్నాడు. సామ్రాజ్యం కూలిన తరువాత సార్డీనియా రాజ్యపు సైన్యంలో వాద్యబృంద నాయకుడై బ్రతుకు వెళ్ళబుచ్చాడు. తమ్ముడు నేపుల్సులోను, మిలాను నాటకశాలలలోను పేరు గడిస్తున్న సమయంలో అన్నగారు కవాతు మైదానంలో అడుగుల లెక్కకు స్వరాలు సమకూరుస్తున్నాడు. నలభయ్యవ పడిలో పడబోతున్న ఆ మనిషికి యూరపు ఇవ్వదలచుకొన్నది అంతవరకే.

అటువంటి తరుణంలో తూర్పు నుండి పిలుపు వచ్చింది. ఆ పిలుపు అర్థం కావాలంటే ఇస్తాంబుల్ నగరంలో 1826లో జరిగిన ఘటనను తెలుసుకోవాలి. శతాబ్దాల తరబడి ఉస్మానియా సామ్రాజ్యానికి వెన్నెముకగా ఉండి, చివరకు సుల్తానులనే దింపి ఎక్కించే స్థితికి వచ్చిన జానిసరీ సైన్యాన్ని సుల్తాన్ రెండవ మహ్మూద్ ఆ సంవత్సరం జూన్ నెలలో తుడిచిపెట్టాడు. సైన్యంతోపాటు ఆ సైన్యపు మేళం కూడ మూగబోయింది. ఆ మేళానికి ‘మెహ్తర్’ అని పేరు. పెద్ద ఢంకాలు, నగారాలు, జుర్నా అనే సన్నాయి, బాకాలు, తాళాలు అందులోని వాద్యాలు. వారు కొలువు చేసి వాయించడాన్ని తుర్కీ భాషలో ‘నెవ్బెత్’ అనేవారు. మన హైదరాబాదులో నౌబత్ పహాడ్ ఎక్కినవారికి ఈ మాట కొత్త కాదు. ఒకే అరబీ మూలం నుండి పుట్టిన మాట అక్కడ సుల్తాను వాకిట, ఇక్కడ దక్కను కొండమీద మారుమ్రోగింది.

ఇక్కడ ఒక సంగతి మరువరాదు. ఆ మెహ్తర్ మేళాన్ని విని పాఠం నేర్చుకొన్నవారు యూరపువారే. పెద్ద ఢంకాను, తాళాలను యూరపు సైనిక వాద్యబృందాలు పద్దెనిమిదవ శతాబ్దంలో తుర్కుల నుండి గ్రహించాయి. మోజార్ట్ 1782లో ప్రదర్శించిన ‘అంతఃపురం నుండి అపహరణ’ అనే ఒపెరాలో ఆ ఫక్కీ వినిపిస్తుంది. బీథోవెన్ 1824లో వినిపించిన తొమ్మిదవ సింఫనీ చివరి భాగంలోను ఆ ఢంకా, ఆ తాళాలు మ్రోగుతాయి. కనుక 1828లో ఇటలీ నుండి ఇస్తాంబులుకు ఒక వాద్యగురువు బయలుదేరినాడంటే, ఏమీ లేనివారికి దానం చేయడానికి వెళ్ళినట్లు కాదు. పాతబాకీలో కొంత చెల్లించడానికి వెళ్ళినట్లని మేము భావిస్తాము.

కొత్త సైన్యానికి కొత్త మేళం కావలసి వచ్చింది. మొదట నియమింపబడిన ఒక ఫ్రెంచి శిక్షకుని వలన ఆశించిన ఫలితం కలుగలేదు. సార్డీనియా రాజ్య దౌత్యవర్గం ద్వారా విచారించగా జుసెప్పె పేరు ముందుకు వచ్చింది. 1828 సెప్టెంబరులో ఆయన ఇస్తాంబుల్ రేవులో దిగాడు. అప్పటికి సామ్రాజ్యం రష్యాతో యుద్ధంలో మునిగి ఉన్నది. ఆయన ముందు కూర్చున్న శిష్యులు రాజప్రాసాదంలో పెరిగిన యువకులు. వారిలో సంగీత జ్ఞానం లేనివారిని చూచి ఆయన పని మొదలు పెట్టాడనుకోవడం పొరపాటు. వారికి మకామ్ తెలుసు. మకామ్ అనగా మన రాగంవంటిది. పియానో మెట్లకు అందని సూక్ష్మశ్రుతులు అందులో ఉంటాయి. వారికి తెలియనిది ఒక్కటే: అయిదు గీతల మీద చుక్కలు పెట్టి వ్రాసే యూరపు స్వరలిపి.

ఇటువంటి సందర్భంలో సామాన్యుడైన ఉపాధ్యాయుడు ఏమి చేస్తాడు? తన పుస్తకం తెరచి, ‘మీరు నేర్చినదంతా మరచిపోండి, ఇక్కడ నుండి ప్రారంభించండి’ అంటాడు. వలసపాలన నాటి పాఠశాలలెన్నో ఆ మాట మీదనే నడిచాయి. జుసెప్పె అట్లా చేయలేదు. ముందుగా తానే శిష్యుడయ్యాడు.

ఆ కాలంలో ఇస్తాంబులులో హంపర్సుమ్ లిమోంజియాన్ అనే ఆర్మీనియన్ సంగీతవేత్త ఉండేవాడు. 1768లో జన్మించి 1839లో మరణించిన ఈ మహనీయుడు క్రైస్తవ ప్రార్థనాలయ గాయకుడు. ముస్లిం దర్వేషుల మఠాలలోని సంగీతాన్నీ ఆకళించుకొన్నవాడు. ఆర్మీనియన్ చర్చిలోని ప్రాచీన స్వరచిహ్నాలను ఆధారం చేసుకొని, తుర్కీ సంగీతం వ్రాసుకోవడానికి అనువైన ఒక లిపిని ఆయన రూపొందించాడు. స్వరాలకు ఏడు మూలచిహ్నాలు, వాటి తలమీద చిన్నగీత చేర్చితే మరి ఏడు, కాలప్రమాణానికి పైన మరికొన్ని గుర్తులు. అయిదు గీతల చట్రం అక్కరలేదు. గురుముఖతః మాత్రమే సాగుతూ వచ్చిన వందలాది రచనలు ఈ లిపి పుణ్యాన కాలగర్భంలో కలిసిపోకుండా నిలిచాయి.

జుసెప్పె ఈ హంపర్సుమ్ లిపిని కూర్చుండి నేర్చుకొన్నాడు. నేర్చుకొని, దాని చిహ్నాల సరసన యూరపు స్వరాలను పెట్టి పట్టిక తయారు చేశాడు. శిష్యుడు తనకు తెలిసిన గుర్తును చూచి, దాని ప్రక్కన ఉన్న తెలియని గుర్తును గ్రహించాలి. తెలిసినదాని చేయి పట్టుకొని తెలియనిదాని వద్దకు నడిపించడమంటే ఇదే. విద్యాబోధనను గురించి ఎన్ని ఉద్గ్రంథాలు వ్రాసినా ఇంతకు మించిన సూత్రం ఉన్నదని మాకు తోచదు. ఇటాలియన్ కాథలిక్కు, ఆర్మీనియన్ క్రైస్తవుడు రూపొందించిన లిపిని ఆధారం చేసుకొని, ముస్లిం యువకులకు పాఠం చెప్పిన ఆ గది పందొమ్మిదవ శతాబ్దపు గొప్ప తరగతి గదులలో ఒకటని చెప్పడానికి మేము సంకోచించము.

ఆ పాఠం ఫలించింది. కొద్దికాలంలోనే సుల్తాను సమక్షంలో కొత్త వాద్యబృందం తన విద్యను ప్రదర్శించగలిగింది. జుసెప్పె సుల్తాను పేర ‘మహ్మూదియే’ అనే కవాతు గీతాన్ని కూర్చాడు. 1839లో మహ్మూద్ మరణించి అబ్దుల్ మజీద్ సింహాసనమెక్కినప్పుడు ‘మెజీదియే’ గీతాన్ని రచించాడు. జాతీయగీతమనే భావన అప్పుడప్పుడే మొలకెత్తుతున్న ఆ రోజులలో, ఈ రెండు గీతాలు సామ్రాజ్య గీతాలుగా ఆయా పాలనాకాలాలలో మ్రోగాయి. సైనికులకే కాక రాజకుటుంబీకులకు, అంతఃపుర స్త్రీలకు కూడ ఆయన వాద్యశిక్షణ ఇచ్చాడు. పేరా ప్రాంతంలోని నాటకశాలలో ఇటాలియన్ ఒపెరాలు ప్రదర్శింపబడసాగాయి. తమ్ముడు కూర్చిన గానాన్ని అన్న ఉన్న ఊరు చెవియొగ్గి విన్నది. 1847 వేసవిలో ఫ్రాంజ్ లిస్ట్ వంటి పియానో విద్వన్మణి ఇస్తాంబులుకు వచ్చి సుల్తాను ఎదుట వాయించాడు. జుసెప్పె కూర్చిన మెజీదియే గీతాన్ని తీసుకొని పియానోకు విస్తృతంగా పెంచి వ్రాశాడు. పాఠశాల తలుపు తెరచుకోని బెర్గామో బాలుని స్వరానికి, యూరపు మహాకళాకారుడు పరదేశపు గడ్డపైన చేసిన నమస్కారం అది.

తమ్ముడు గయెతానో తన లేఖలలో అన్నగారిని తుర్కీ సోదరుడని హాస్యమాడేవాడు. ఆ హాస్యంలో ప్రేమ ఉన్నది, కొంత ఎత్తిపొడుపూ లేకపోలేదు. కాని కాలం విచిత్రమైనది. పారిస్ నగరంలో గయెతానో మతి చలించి చికిత్సాలయంలో బందీ అయినప్పుడు, ఆయన కోసం పరుగెత్తి వెళ్ళినవాడు ఇస్తాంబులు నుండి బయలుదేరిన జుసెప్పె కుమారుడు ఆంద్రెయా. అధికారులతో పోరాడి, 1847లో పినతండ్రిని బెర్గామోకు చేర్చినవాడు అతడే. 1848 ఏప్రిల్‌లో గయెతానో స్వస్థలంలో కన్నుమూశాడు. జుసెప్పె స్వదేశానికి మరలిపోలేదు. పాషా బిరుదంతో, ఇరవయ్యేడు సంవత్సరాలకు పైబడిన సేవ తరువాత, 1856 ఫిబ్రవరిలో ఇస్తాంబులులోనే మరణించాడు. పేరా ప్రాంతంలోని సెంటెస్ప్రీ చర్చిలో ఆయనను సమాధి చేశారు.

ఇక తీర్పుల సంగతి. జుసెప్పెను గురించి రెండు తీర్పులు వాడుకలో ఉన్నాయి. మొదటిది యూరపు తీర్పు: గొప్ప తమ్మునికి చిన్న అన్న, నాలుగు కవాతు గీతాలు వ్రాసిన దండు వాద్యగాడు, సంగీత చరిత్రలో అడుగున వేయదగిన ఒక పాదసూచిక. రెండవది సంప్రదాయవాదుల తీర్పు: తుర్కీ సంగీతపు పతనానికి ద్వారం తెరచిన పరదేశి. ఈ రెండు తీర్పులూ న్యాయసమ్మతాలు కావని మా అభిప్రాయం.

మొదటిదానికి సమాధానం సులభం. సంగీతకారుని విలువను రచనల సంఖ్యతో, వాటి నిడివితో మాత్రమే తూచడం సరికాదు. గయెతానో డెబ్బయి వరకు ఒపెరాలు వ్రాశాడు. వాటిని వాయించడానికి అప్పటికే మేళాలున్నాయి, పాడడానికి గాయకులున్నారు, వినడానికి ప్రేక్షకులున్నారు. జుసెప్పెకు వీటిలో ఏదీ సిద్ధంగా లేదు. వాయించేవారిని తయారు చేసి, లిపిని నేర్పి, ఆ తరువాత వారి కోసం గీతం వ్రాయాలి. చెట్టును చూచి మెచ్చుకొనేవారు నూతిని త్రవ్వినవానిని మరువరాదు. ఆయన తీర్చిదిద్దిన రాజవాద్యబృందం సామ్రాజ్యం పోయినా నశించలేదు. 1924లో అంకారాకు తరలి, రాష్ట్రపతి సింఫనీ వాద్యబృందంగా మారి, నేటికీ వాయిస్తూనే ఉన్నది.

రెండవ తీర్పును అంత తేలికగా త్రోసివేయడానికి వీలులేదు. అందులో బాధ ఉన్నది. తుర్కీ శాస్త్రీయ సంగీతంలో శిఖరప్రాయుడైన ఇస్మాయిల్ దెదె ఎఫెందీ రాజాస్థానంలో సంగీత వైభవం చూచినవాడు. దర్బారు అభిరుచి పడమటి వైపు మళ్ళుతున్నందుకు నొచ్చుకొని ఆయన ఆస్థానం విడిచాడని తుర్కీ సంగీత చరిత్రలో తరచు చెప్పుకొంటారు. 1846లో హజ్ యాత్రలో ఉండగా మక్కాలో ఆ మహావిద్వాంసుడు తనువు చాలించాడు. ఒక గొప్ప కళాకారుడు తన ఇంటిలోనే తాను పరాయివాడనైనానని తలచవలసిరావడం ఏ జాతికీ శుభం కాదు. ఈ నష్టాన్ని మేము కాదనడంలేదు.

అయితే దీనికి బాధ్యులెవరు? ఇటలీ నుండి వచ్చినవాడు అక్కడి లిపి నేర్చుకొన్నాడని చూచాము. మెహ్తర్ మేళాన్ని రద్దు చేసినది ఆయన కాదు. ఆయన ఆ నగరంలో అడుగు పెట్టడానికి రెండేండ్ల ముందే అది జరిగిపోయింది. రద్దు చేసిన సుల్తాన్ మహ్మూద్ సైతం నయ్ అనే వేణువును వాయించి, తుర్కీ మకాములలో పాటలు కట్టిన కళావేత్త. అంతకన్న ఆశ్చర్యం, దెదె ఎఫెందీ పాటలలో సైతం యూరపు వాల్ట్‌జ్ నృత్యపు నడక ఛాయామాత్రంగా కనిపిస్తుందని విజ్ఞులంటారు. అనగా కళాకారుల స్థాయిలో పాతకూ కొత్తకూ పడని వైరమేమీ లేదు. ఒకరి గుమ్మంలోకి ఒకరు తొంగి చూచుకొంటూనే ఉన్నారు. వైరం పుట్టినది ప్రభుత్వాల స్థాయిలో. ఒక ఇంటిలో ఒకే దీపం వెలగాలని, రెండవది ఆర్పనిదే మొదటిది ప్రకాశించదని తలచిన పాలకుల బుద్ధిలో పుట్టింది. ఆ బుద్ధి ఎంతవరకు పోయిందంటే, 1934లో తుర్కీ రిపబ్లిక్ రేడియోలో సంప్రదాయ తుర్కీ సంగీతాన్నే నిషేధించారు. ఒకటిన్నర సంవత్సరాలకు పైగా ఆ దేశపు పౌరుడు తన రేడియోలో తన తాతల పాట వినలేకపోయాడు. 1934 నాటికి జుసెప్పె మరణించి డెబ్బయి ఎనిమిదేండ్లు. ఆ తప్పును ఆయన సమాధి మీద మోపడం ధర్మం కాదు. పైగా, నోరు మూయించిన మెహ్తర్ 1914లో ఒకసారి, 1952లో మరొకసారి పునరుద్ధరింపబడి, ఇప్పుడు ఇస్తాంబుల్ సైనిక ప్రదర్శనశాలలో తుర్కులకు గర్వకారణంగా మ్రోగుతున్నది. రెండు దీపాలూ ఒకే ఇంటిలో వెలుగగలవని కాలమే రుజువు చేసింది.

కొత్తది పాతబడి సంప్రదాయమనే పేరు సంపాదించుకోవడానికి ఎంతోకాలం పట్టదు. మహ్మూద్ తన సైన్యానికి, ఉద్యోగులకు తలపాగా మాన్పించి ఫెజ్ టోపీ పెట్టించినప్పుడు అది విపరీతమైన నవ్యత. వందేండ్లు తిరగకముందే హైదరాబాదులో అదే ‘రూమీ టోపీ’ అయి, షేర్వాణీతో జతకూడి, మన పెద్దల మర్యాదకు చిహ్నమైంది. తుర్కీ దేశంలో 1925లో దానిని నిషేధించినప్పుడు, దాని కోసం కంట తడి పెట్టినవారున్నారు. టోపీ సంగతి ఇదైతే పాట సంగతి చెప్పాలా?

ఈ కథకు మన నగరంతో మరొక చుట్టరికమున్నది. 1931 నవంబరులో ఫ్రాన్సులోని నీస్ పట్టణంలో ఏడవ నిజాం కుమారులిద్దరికి ఉస్మానియా రాజవంశపు కన్యలతో వివాహం జరిగింది. వారే దుర్రె షెహ్వార్, నీలోఫర్. దుర్రె షెహ్వార్ సుల్తాన్ మహ్మూద్ మునిమనుమరాలు. ఆమె తాత సుల్తాన్ అబ్దుల్ అజీజ్ పియానోకు వాల్ట్‌జ్ రచించినవాడు. తండ్రి, చివరి ఖలీఫా అయిన అబ్దుల్ మజీద్ వాయులీనం నేర్చినవాడు, చిత్రకారుడు. తన ఇంటిలో బీథోవెన్ సంగీతం వాయిస్తున్న స్త్రీలను ఆయన చిత్రించిన పటం ప్రసిద్ధమైనది. నీలోఫర్‌కు తల్లి వైపు ముత్తాత అయిన ఐదవ మురాద్ పదవి కోల్పోయి, ఇరవయ్యెనిమిదేండ్లు నిర్బంధంలో గడిపి, ఆ ఏకాంతంలో పియానో గీతాలు ఎన్నో కూర్చుకొన్నాడు. ఈ నగరవాసులకు ఆ రాకుమార్తెలిద్దరూ పురానీ హవేలీలోని ఆసుపత్రి పేరుగా, రెడ్‌హిల్స్‌లోని ఆసుపత్రి పేరుగా నిత్యస్మరణీయులు. ఆ పేర్ల వెనుక ఉన్న వంశంలో యూరపు సంగీతానికి ఓనమాలు దిద్దించినవాడు బెర్గామో పేదవాని కొడుకని తెలిసినవారు అరుదు.

నేడు మన కళాశాలల నుండి, మన మొహల్లాల నుండి యువకులు గల్ఫు దేశాలకు, అమెరికాకు, ఇంకా దూరదేశాలకు ఉద్యోగార్థులై వెళుతున్నారు. వారికి వీడ్కోలు చెప్పేటప్పుడు మన సంస్కృతిని మరువవద్దని హితవు చెప్పడం పెద్దల రివాజు. అది మంచి హితవే, కాని సగం హితవు. అక్కడివారు ఏ లిపిలో తమ హృదయాన్ని వ్రాసుకొంటారో తెలుసుకొమ్మని చెప్పడం రెండవ సగం. జుసెప్పె తన ఇటాలియన్ స్వరాన్ని విడిచిపెట్టలేదు, ఆతిథ్యమిచ్చిన గడ్డ స్వరచిహ్నాలను చులకన చేయలేదు. అందుకే ఇటలీలో చోటు దొరకని మనిషికి ఇస్తాంబులులో శిష్యులు దొరికారు.

పరదేశం దాకా పోనక్కరలేదు. ఈ సంచికనే చూడండి. కుడివైపు నుండి తెరిస్తే ఉర్దూ, ఎడమవైపు నుండి తెరిస్తే తెలుగు. మనలో ఎందరము ఒక వైపు మాత్రమే తెరచి, రెండవ వైపు పిచ్చిగీతలని తలచి మూసివేస్తున్నాము? ఒకే బల్లమీద కూర్చునే ఇద్దరు మిత్రులు ఒకరి లిపిలో ఒకరు తమ పేరైనా వ్రాయగలరా? అయిదు గీతల స్వరలిపి తెలిసిన నలభై ఏండ్ల దండు నాయకుడు కొత్త ఊరిలో పలక పట్టుకొని ఓనమాలు దిద్దుకోగా లేనిది, పద్దెనిమిదేండ్ల మన విద్యార్థులకు అది అసాధ్యం కానేరదు. వచ్చే విద్యాసంవత్సరంలో తెలుగు విద్యార్థులకు ఉర్దూ అక్షరాలు, ఉర్దూ విద్యార్థులకు తెలుగు అక్షరాలు నేర్పడానికి వారానికొక్క గంట కేటాయించవలసిందని కళాశాల పెద్దలను మేము కోరుతున్నాము. గోడమీద వ్రేలాడదీయడానికి పెద్ద ఖర్చేమీ అక్కరలేదు. ప్రక్కప్రక్కన రెండు లిపుల అక్షరాలు పెట్టిన ఒక పట్టిక చాలును.